రిపోర్టులన్నీ నార్మల్, లక్షణాలు మాత్రం తగ్గడం లేదు: నరాల సమస్యకు నిర్ధారణ రాబట్టుకోవడం ఎలా

పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, సాయంత్రానికి కనురెప్ప వాలిపోవడం. స్కానింగ్ తీశారు, రక్తపరీక్షలు చేశారు, "అంతా నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" అని బీ-కాంప్లెక్స్ రాసి పంపేశారు. బాధ మాత్రం అలాగే ఉంది. ఇలాంటి స్థితిలో ఉన్నవారి కోసం, వారిని వెంటబెట్టుకుని తిరుగుతున్న ఇంట్లోవాళ్ళ కోసం ఈ మార్గదర్శి.

నరాల జబ్బు విషయంలో డాక్టరు మొదట వెతికేది జబ్బు పేరు కాదు, జబ్బు ఉన్న చోటు. మెదడా, వెన్నుపామా, వెన్నుపాము నుంచి బయటికొచ్చే నరమా, నరమూ కండరమూ కలిసే చోటా, కండరమా? ఆ తర్వాత ప్రశ్న: ఎంత వేగంగా వచ్చింది? క్షణాల్లో వస్తే ఒక రకం జబ్బులు, రోజుల్లో పెరిగితే ఇంకో రకం, నెలల్లో పాకితే మరో రకం. ఈ రెండు జవాబులూ మీరు చెప్పే వివరాల నుంచి, డాక్టరు చేత్తో చేసే పరీక్ష నుంచి వస్తాయి. ఎంఆర్‌ఐ వంతు ఆ తర్వాతే. "ఏమీ లేదు" అనిపించుకున్న చాలామంది ఫైళ్ళలో లోపం మూడింట్లో ఒకటి: వివరాలు చెల్లాచెదురుగా చెప్పడం, ఒంటిని సరిగా పరీక్షించకపోవడం, టెస్టు తప్పు చోటనో తప్పు సమయంలోనో చేయడం. మూడింటినీ సరిచేసుకోవచ్చు.

వీటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి

ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక వైపు చెయ్యీ కాలూ చచ్చుబడినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇస్తారు. ఆ లెక్క మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం నుంచి మొదలవుతుంది, కాబట్టి ఆ టైము గుర్తుపెట్టుకుని చెప్పండి. సీటీ స్కాన్ లేని ఆసుపత్రికి ముందు వెళ్ళి అక్కడి నుంచి మరోచోటికి మారడంలోనే చాలామందికి ఆ వ్యవధి కరిగిపోతుంది.

పాదాల్లో మొదలైన బలహీనత రోజుల్లోనే మోకాళ్ళు, తొడలు, చేతుల దాకా పాకుతుంటే అది ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడిచేసే గులియన్ బారే సిండ్రోమ్ కావచ్చు. ఒకే గుక్కలో 20 దాకా లెక్కపెట్టలేకపోతున్నా, నీళ్ళు తాగితే పొలమారుతున్నా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. కాళ్ళ బలహీనతతోపాటు మూత్రం ఆగిపోవడమో, కూర్చునే భాగంలో స్పర్శ పోవడమో ఉంటే వెన్నుపాము గానీ దాని కింది నరాలు గానీ నొక్కుకుంటున్నట్టు. ఇక్కడ ఆలస్యం శాశ్వత నష్టం. ఒక కంటి చూపు గంటల్లో, రోజుల్లో మసకబారి కన్ను కదిపితే నొప్పి రావడం, జ్వరంతో మతి తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, 5 నిమిషాలు దాటిన ఫిట్స్ కూడా ఇదే కోవ.

ఒక్క కాగితం

రద్దీ ఓపీలో మీకు దక్కేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో అన్నీ చెప్పాలని చూస్తే ముఖ్యమైనది జారిపోతుంది. అందుకే ఏ4 కాగితం ఒక వైపు మాత్రమే నిండేలా రాసుకోండి. రెండో పేజీకి వెళ్తే చదవరు.

రాసేటప్పుడు బాధను కాదు, చేయలేకపోతున్న పనిని రాయండి. "నీరసం" అంటే రక్తహీనత నుంచి దిగులు దాకా ఏదైనా కావచ్చు. "కింద కూర్చుంటే చేతులు ఊనకుండా లేవలేను" అంటే తొడ, తుంటి కండరాల బలహీనత అని డాక్టరుకు వెంటనే తెలుస్తుంది. తల దువ్వుకోలేకపోవడం భుజం కండరాలది. అన్నం కలిపి ముద్ద చేయలేకపోవడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం వేళ్ళ పనితనానిది. చెప్పు జారిపోవడం ఇంకా ఎక్కువ చెబుతుంది: జారుతున్నట్టు తెలిసీ పట్టుకోలేకపోతే బలం తగ్గినట్టు, జారిన సంగతే తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు. ముఖం కడుక్కోవడానికి కళ్ళు మూసుకోగానే ముందుకు తూలితే, కీళ్ళ స్థితిని మెదడుకు చేరవేసే నరాలు దెబ్బతిని ఉండవచ్చు. "కళ్ళు తిరుగుతున్నాయి" అని ఆపేయకుండా గది గిర్రున తిరుగుతోందా, స్పృహ తప్పబోతున్నట్టుందా, నడుస్తుంటేనే తూలుతున్నారా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అన్నది రాయండి. రెండుగా కనిపిస్తే ఒక కన్ను మూసి చూడండి. అప్పుడు ఒకటిగానే కనిపిస్తే రెండు కళ్ళ కదలికలు కలవడం లేదన్నమాట, ఇది నరాల డాక్టరు చూడాల్సినది. ఒక కన్ను మూసినా రెండుగానే ఉంటే ముందు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

కాగితం ఇలా ఉండవచ్చు:

*స్త్రీ, 42 ఏళ్ళు, కుట్టుపని. కుడిచేతి వాటం.*
*సమస్య: 7 నెలలుగా చేతుల్లో పనితనం తగ్గడం, నడక తడబాటు. నెలనెలా పెరుగుతోంది.*
*జనవరి: కుడి అరచేయి మొద్దుబారింది, సూదిలో దారం ఎక్కించలేకపోయారు.*
*మార్చి: ఎడమచేతికీ వచ్చింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేరు.*
*మే: మెట్లు దిగుతుంటే కాళ్ళు బిగుసుకుంటున్నాయి. రెండుసార్లు పడ్డారు.*
*జులై: మూత్రం వస్తే ఆపుకోలేకపోతున్నారు.*
*లేనివి: జ్వరం, బరువు తగ్గడం, చూపు సమస్య, మింగడంలో కష్టం.*
*షుగర్ 9 ఏళ్ళుగా. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రోజుకు రెండుసార్లు.*
*మేనమామతో పెళ్ళి. తల్లిదండ్రులది మేనరికం కాదు. ఇంట్లో ఇంకెవరికీ లేదు.*
*అయిన పరీక్షలు: నడుము ఎంఆర్‌ఐ (మే), కొద్దిపాటి డిస్క్ అరుగుదల. మెడ ఎంఆర్‌ఐ చేయలేదు. బీ12 చూడలేదు.*

ఈమెకు "షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయి" అని చెప్పి పంపడం చాలా తేలిక. కానీ షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లు మామూలుగా పాదాల్లో మొదలవుతాయి. ఇక్కడ చేతుల్లో మొదలై, తర్వాత కాళ్ళు బిగుసుకుని, మూత్రం దాకా వచ్చింది. వివరాలను ఈ వరుసలో చూసిన న్యూరాలజిస్టుకు ముందు అనుమానం మెడ దగ్గరి వెన్నుపాము మీద వస్తుంది. ఏళ్ళ తరబడి వాడితే బీ12ను తగ్గించగల మెట్‌ఫార్మిన్ కూడా కనిపిస్తోంది కాబట్టి రెండో అనుమానం బీ12 లోపం. అవే వివరాలు కలగాపులగంగా చెబితే రెండూ మరుగున పడతాయి.

సంబంధం లేదనిపించే పాత సంగతులను ఒక వరుసలో రాయండి. వారాల తరబడి ఆగని ఎక్కిళ్ళు, వాంతులు వచ్చి ఎండోస్కోపీలో ఏమీ తేలకపోవడం కంటి నరాన్ని, వెన్నుపామును దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బుకు తొలి సంకేతం కావచ్చు. తాగే నీరు, చేసే పని కూడా రాయండి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారిలో వెన్నెముక ఎముక మందమై వెన్నుపామును నొక్కవచ్చు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న డాక్టరుకు మీ ఊరి నీటి సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. పురుగుమందులు కొట్టే పని, బ్యాటరీల పని, వాడుతున్న భస్మాలు కూడా ఇందులోకే వస్తాయి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉంటాయి, వాటికి రక్త, మూత్ర పరీక్షలున్నాయి.

ఫోన్‌లో వీడియో

వచ్చిపోయే లక్షణాలకు దీన్ని మించిన సాక్ష్యం లేదు. డాక్టరు గదిలో మీరు బాగానే ఉంటారు. ఇంట్లో వచ్చినది అక్కడ రాదు. ఫిట్స్ లాంటిది వస్తే ముందు మనిషిని పక్కకు తిప్పి, చుట్టూ తగిలేవి తీసేసి, ఇంకొకరు వీడియో తీయాలి. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్ళు ఫ్రేములో ఉండాలి. కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, తల ఎటు తిరిగింది, ముందు ఏ చెయ్యి కదిలింది అన్నవి కీలకం. మధ్యలో పేరు పెట్టి పిలవండి, "చెయ్యి ఎత్తు" అనండి. తర్వాత తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందో అది కూడా తీయండి.

నడక అయితే ఎదురుగా, వెనక నుంచి, పక్క నుంచి పదేసి అడుగులు, ఒకసారి వెనక్కి తిరగడం. చీర, లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుంటే పాదాలు ఎలా పడుతున్నాయో కనిపిస్తుంది. కనురెప్ప వాలేవారు పొద్దున లేవగానే ఒక ఫోటో, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి, వారం రోజులు తీస్తే చాలు. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోవడం నరమూ కండరమూ కలిసే చోట వచ్చే మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బు ముఖ్య లక్షణం. పొద్దున పది గంటల ఓపీలో అది కనిపించకపోవచ్చు.

మింగుతున్న మందులన్నీ బయటపెట్టండి

స్ట్రిప్పులు, సీసాలు ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. గ్యాస్‌కి అని ఇచ్చే క్యాప్సూల్ కవరు మీద "లెవోసల్పిరైడ్" అని ఉందా చూడండి. రాబెప్రజోల్, పాంటాప్రజోల్‌తో కలిపి ఇది విరివిగా రాస్తారు. నెలల తరబడి వాడితే వణుకు, బిగుతు, నెమ్మదితనం వచ్చి అచ్చం పార్కిన్సన్స్‌లా ఉంటుంది. మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు వాడే సినరిజిన్, మైగ్రేన్‌కు వాడే ఫ్లునరిజిన్ కూడా అంతే. మందు ఆపితే చాలామందికి తగ్గుతుంది, కానీ కొన్ని నెలలు పట్టవచ్చు. టీబీకి వాడే ఐసోనియాజిడ్, లినెజోలిడ్, ఎక్కువకాలం వాడిన మెట్రోనిడజోల్ నరాలను దెబ్బతీయగలవు. నరాల బలానికి అని ఏళ్ళ తరబడి మింగే బిళ్ళల్లోని బీ6 సైతం మోతాదు మించితే తిమ్మిర్లు తెస్తుంది. ఏదీ మీ అంతట మీరు ఆపవద్దు. ముఖ్యంగా ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. అనుమానం మీద వేలుపెట్టి అడగండి: "ఈ మందు వల్ల ఇది రావచ్చా సార్?"

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్ల సంగతి దాచవద్దు. వాటిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే వాపు తాత్కాలికంగా తగ్గి, స్కానింగ్‌లో, వెన్నునీటిలో (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో) కనిపించాల్సిన ఆనవాళ్ళు చెరిగిపోతాయి. నిర్ధారణ ఆలస్యం కావడానికి మన దగ్గర ఇదొక పెద్ద కారణం.

మొదటి రక్తపరీక్షలు, బీ12 దగ్గర జరిగే పొరపాటు

న్యూరాలజిస్టు దాకా వెళ్ళేలోపే మీ ఎండీ ఫిజీషియన్ రాయించగలిగినవి: సీబీపీ, ఈఎస్‌ఆర్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాల్షియం, లివర్ పరీక్షలు, టీఎస్‌హెచ్, బీ12, హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష), బలహీనత ప్రధానమైతే సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది). ఇవి ఖరీదైనవేమీ కావు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చాలావరకు దొరుకుతాయి.

బీ12 రక్తం ఇచ్చేముందు బీ-కాంప్లెక్స్ గానీ, మిథైల్‌కోబాలమిన్ ఇంజెక్షన్ గానీ తీసుకుంటే అంకె పెరిగిపోయి లోపం దాగిపోతుంది. ముందు రక్తం, తర్వాత మందు. ఇప్పటికే వాడి ఉంటే ఆ తేదీ చెప్పండి. ఫలితం 200 నుంచి 300 పీజీ/ఎంఎల్ మధ్య ఉంటే నార్మల్ అని వదిలేయకూడదు. హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్షలతో తేల్చుకోవచ్చు. హిమోగ్లోబిన్ బాగున్నా బీ12 లోపం వెన్నుపామును దెబ్బతీయగలదు. శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడేవారు, గ్యాస్ బిళ్ళలు ఏళ్ళుగా మింగేవారు దీన్ని తప్పకుండా అడగాలి. ఫోలిక్ యాసిడ్ మాత్రమే వాడితే రక్తం మెరుగుపడి నరాల నష్టం లోలోపల సాగుతుంది.

కొన్ని పరీక్షలకు సమయమే ప్రాణం. ఉదయం లేచేసరికి కాళ్ళూ చేతులూ కదలకుండా పోయి, మధ్యాహ్నానికి మామూలయ్యే మనిషికి పొటాషియం ఆ బలహీనత ఉండగానే చూడాలి. తగ్గాక తీస్తే నార్మలే వస్తుంది. అంతకుముందు రాత్రి బాగా అన్నమో తీపో తిన్నారా అన్నది కూడా చెప్పండి, థైరాయిడ్ చూడమని అడగండి.

ఎవరి దగ్గరకు, ఎక్కడికి

డీఎం న్యూరాలజీ చేసినవారు నరాల జబ్బుల డాక్టరు. ఎంసీహెచ్ న్యూరోసర్జరీ చేసినవారు ఆపరేషన్ చేసేవారు. నిర్ధారణ తెలియని దశలో మొదటివారి దగ్గరకు వెళ్ళాలి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రులు. ఇవన్నీ బోధనాసుపత్రులు కావడంతో ఒక మేలుంది. పీజీ డాక్టరు మొదట నింపాదిగా వివరాలు రాసుకుని, ఒంటిని పరీక్షించి, తర్వాత ప్రొఫెసర్‌కు చెబుతారు. నాలుగు గంటలు నిలబడాల్సి వచ్చినా ఆ పరీక్ష విలువైనది. అక్కడా తేలకపోతే బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర. కీళ్ళనొప్పులు, దద్దుర్లు, నోటిపూత కూడా ఉంటే రుమటాలజిస్టును కలపాలి. చర్మం మీద స్పర్శ లేని మచ్చగానీ, మోచేతి దగ్గర తాడులా లావైన నరంగానీ ఉంటే కుష్ఠు అనుమానించాలి. మచ్చ లేకుండా నరాలకే వచ్చే కుష్ఠు కూడా ఉంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. సిగ్గుపడి చెప్పకపోతే వేళ్ళు వంకర పోయేదాకా వస్తుంది.

డాక్టరు గదిలో

మీ వెంట ఒక్కరే రావాలి, లక్షణాలను కళ్ళారా చూసినవారు రావాలి. నలుగురు ఒకేసారి మాట్లాడితే డాక్టరు ఎవరి మాటా వినలేరు. కాగితం చేతికిచ్చి ఒక్క వాక్యం: "సార్, 7 నెలలుగా చేతుల పనితనం తగ్గుతోంది, ఇప్పుడు నడక కూడా పోతోంది." ఫైలు వాళ్ళు అడిగాక తీయండి. ఇంటర్నెట్‌లో చూసిన జబ్బు పేరుతో మొదలుపెట్టవద్దు. పేరు చెప్పగానే చర్చ ఆ పేరు తప్పని చెప్పడం మీదకు పోతుంది.

తర్వాత ఒంటిని పరీక్షించాలి. దీని గురించి నిర్మొహమాటంగా అడగాలని గట్టిగా చెబుతున్నాం. కళ్ళ కదలికలు, చేతులూ కాళ్ళ బలం, సుత్తితో మోకాలి, మడమ రిఫ్లెక్సులు, అరికాలి గీత, గుండుసూది స్పర్శ, ట్యూనింగ్ ఫోర్క్, కళ్ళు మూసుకుని నిలబడటం, నడక. ఇవి చూడకుండా "నరాలు బాగానే ఉన్నాయి" అని ఎవరూ చెప్పలేరు. "మేడమ్, ఒకసారి రిఫ్లెక్సులు, నడక చూస్తారా? ఇంతవరకు ఎవరూ చూడలేదు" అంటే చాలు. అవమానించినట్టు ఉండదు, పని జరుగుతుంది.

లేచి వచ్చేలోపు మూడు ప్రశ్నలు. సమస్య ఎక్కడుందని అనుకుంటున్నారు? ఇంకేమేం కావచ్చు, వాటిలో వదిలేయకూడనిది ఏది? ఏ మార్పు వస్తే వెంటనే తిరిగి రావాలి? "టెన్షన్" అన్నప్పుడు వాదించకండి. "కావచ్చు సార్. అలా అనుకోవడానికి పరీక్షలో ఏం కనిపించింది? అది కాదని తేల్చే పరీక్ష ఏదైనా మిగిలిందా? ఆ సంగతి చీటీ మీద రాస్తారా?" అనండి. రాయమన్నప్పుడు చాలామంది డాక్టర్లు ఒకసారి ఆగి మళ్ళీ ఆలోచిస్తారు, రాసినది మీ తర్వాతి డాక్టరుకు పనికొస్తుంది.

నార్మల్ రిపోర్టు దేనిని కాదంటుంది, దేనిని కాదనలేదు

కాళ్ళ బలహీనతకు నడుము ఎంఆర్‌ఐ తీయడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. వెన్నుపాము నడుము పై భాగంలోనే, మొదటి లేదా రెండో లంబార్ వెన్నుపూస దగ్గర ముగిసిపోతుంది. అంటే నడుము ఎంఆర్‌ఐలో వెన్నుపాము చివరి కొస తప్ప మిగతాది కనిపించదు. కాళ్ళు బిగుసుకుపోయి, రిఫ్లెక్సులు పెరిగి, మూత్రం అదుపు తప్పుతుంటే చూడాల్సింది మెడ, ఛాతీ వెనక భాగం. నడుము ఎంఆర్‌ఐలో చిన్న డిస్క్ ఉబ్బు కనిపిస్తే ఇంకా నష్టం, నలభై దాటిన చాలామందిలో కనిపించే ఆ ఉబ్బునే కారణంగా రాసేసి మెడలో పెరుగుతున్న ఒత్తిడిని వదిలేస్తారు. అడగాల్సిన మాట: "ఈ లక్షణాలకు ఏ భాగం స్కాన్ చేయాలి, కాంట్రాస్టు కావాలా?"

నరాల్లో విద్యుత్ సంకేతం ఎలా పారుతోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష పెద్ద నరాలనే కొలుస్తుంది. పాదాల్లో మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండి ఈ పరీక్ష నార్మల్ వస్తే సన్న నరాల జబ్బు కాదని అర్థం కాదు. దానికి చర్మపు బయాప్సీ ఉంది. గులియన్ బారేలో మొదటి వారం నర్వ్ కండక్షన్ నార్మల్ రావచ్చు, వెన్నునీటి ప్రోటీన్ కూడా పెరగకపోవచ్చు. మయస్థీనియాలో మెదడు ఎంఆర్‌ఐ, మామూలు నర్వ్ కండక్షన్ రెండూ నార్మలే. దానికి నరాన్ని పదేపదే ప్రేరేపించి చూసే ఆర్‌ఎన్‌ఎస్ పరీక్ష, ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష కావాలి. ఒళ్ళంతా పాకిన జబ్బులో ఆ యాంటీబాడీ సుమారు 85 శాతం మందిలో, కళ్ళకే పరిమితమైతే సుమారు సగం మందిలోనే దొరుకుతుంది. కాబట్టి నెగెటివ్ వచ్చినా కథ అయిపోదు. మస్క్ అనే మరో యాంటీబాడీ రక్తపరీక్ష, కండరపు పోగులను విడివిడిగా చూసే సింగిల్ ఫైబర్ ఈఎంజీ మిగిలి ఉన్నాయి. ఈ జబ్బు అనుమానం ఉన్నంతకాలం లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఎవరు రాసినా ముందు ఆ సంగతి చెప్పండి, ఊపిరి మీదకు రావచ్చు.

ఒక్క మామూలు ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) నార్మల్ వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. రాత్రి నిద్ర తగ్గించి తీసేది, లేదా ఆసుపత్రిలో ఉంచి తీసే వీడియో ఈఈజీ అడగాలి. న్యూరోమైలైటిస్‌కు ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ సెల్ బేస్డ్ పద్ధతిలో చేస్తున్నారా అని ల్యాబ్‌ను అడగండి. దీన్ని పోలి ఉండే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బుకు వాడే కొన్ని మందులు దీన్ని ముదరబెడతాయి, కాబట్టి ఈ రెండింటినీ విడదీయడం తప్పనిసరి.

"ఇది మనసు వల్ల" అన్నప్పుడు

ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అని ఒక నిజమైన జబ్బుంది. నరాలు తెగలేదు, కానీ మెదడు వాటిని నడిపించే తీరు గతి తప్పింది. ఇది నటన కాదు. అయితే ఈ నిర్ధారణ "మిగతావన్నీ నార్మల్ కాబట్టి" అని ఇవ్వకూడదు, పరీక్షలో దానికంటూ ఆనవాళ్ళు కనిపించాలి. ఒక కాలిని మంచానికేసి నొక్కమంటే బలం ఉండదు, రెండో కాలు పైకెత్తమనగానే మొదటి కాలిలో బలం తిరిగి వస్తుంది. దీన్ని హూవర్ సైన్ అంటారు. ఒక చేత్తో లయగా తట్టమంటే రెండో చేతి వణుకు ఆ లయకు మారుతుంది. ఏ ఆనవాలు చూశారో అడగండి. చూపించి వివరించిన డాక్టరు మంచి డాక్టరు. ఆ మాట నమ్మి దీనికోసమే ఉద్దేశించిన ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ మొదలుపెడితే చాలామంది మెరుగుపడతారు. ఆందోళన ఉన్నమాట నిజమైతే దాచవద్దు, దానికి చికిత్స తీసుకుంటూనే నరాల పరిశోధన సాగించవచ్చు.

మాటలు అస్తవ్యస్తంగా మారి, నిద్రపోక, భయపడుతూ, కొద్దివారాల్లోనే ఫిట్స్ కూడా వచ్చిన యువతిని మానసిక రోగి అనో, గాలి సోకిందనో వదిలేయడం వేరే సంగతి. అది ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడిచేసే ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ కావచ్చు. రక్తంలోనూ వెన్నునీటిలోనూ యాంటీబాడీలు చూడాలి. త్వరగా పట్టుకుంటే చికిత్స ఉంది.

మేనరికం, కుటుంబ వృక్షం

తల్లిదండ్రులది మేనరికమైతే మూడు తరాల వృక్షం గీసుకెళ్ళండి: ఎవరికి నడక పోయింది, ఎవరు చిన్నవయసులో చనిపోయారు, ఎవరికి ఫిట్స్. చదువులో వెనకబడి, చేతిరాత చెడి, చొంగ కారుతూ, మాట ముద్దయిన పిల్లవాడికి ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉందేమో చూడాలి. రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, స్లిట్ ల్యాంప్‌తో కంట్లో రాగి వలయం చూస్తారు. జీవితాంతం మందులు వాడాలి, కానీ తగ్గే జబ్బు. తోబుట్టువులకు బయటికి ఏమీ కనిపించకపోయినా పరీక్ష చేయించాలి, ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. జన్యు పరీక్షల కోసం హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల, పరిశోధన కేంద్రం), నిమ్స్ ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద ఈ రెండూ కలిసి ఒక సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. జాబితాలోని జబ్బులకు 50 లక్షల రూపాయల వరకు చికిత్స సాయం అక్కడి నుంచే దరఖాస్తు చేసుకోవాలి.

రెండో అభిప్రాయం

వెళ్ళేముందు పాత ఆసుపత్రి నుంచి రికార్డులు తీసుకోండి. 2002 నాటి భారత వైద్య మండలి నైతిక నియమావళి ప్రకారం రోగిగానీ, రోగి అధికారమిచ్చినవారుగానీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. నోటిమాటగా కాక, తేదీతో అర్జీ రాసి నకలు మీద సంతకం తీసుకోండి. ఎంఆర్‌ఐ రిపోర్టు కాగితం, ఫిల్ములు సరిపోవు, సీడీ కావాలి. కొత్త డాక్టరు బొమ్మలను తానే చూడాలి. బయాప్సీ అయితే స్లైడ్లు, బ్లాకు కూడా.

రెండో డాక్టరుకు పాత నిర్ధారణ మీద ఫిర్యాదు చేయకండి. కాగితం ఇచ్చి, "మొదటి నుంచి చూడండి సార్" అనండి. ఒకరి తర్వాత ఒకరుగా ఆరేడుగురిని మార్చడం కూడా నష్టమే. ప్రతిచోటా పరిశోధన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మిమ్మల్ని విని, పరీక్షించి, "ఇంకా తెలియలేదు, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం" అన్న డాక్టరు దొరికితే వదలకండి. కొన్ని జబ్బులు కాలం గడిచాకే బయటపడతాయి, అదే డాక్టరు అప్పటి పరీక్షతో పోల్చగలరు.

పేరు దొరికేదాకా

స్పృహ తప్పుతున్నవారు బండి నడపకూడదు, బావి దగ్గర, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదు. స్పర్శ లేని పాదాలను రోజూ రాత్రి దీపం వెలుగులో చూసుకోవాలి, వేడినీళ్ళను మోచేత్తో సరిచూసుకోవాలి. ఫిజియోథెరపీకి నిర్ధారణ పేరు అక్కర్లేదు. మనసు బాగా కుంగితే టెలీ-మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

నెలకోసారి, ఒకే సమయానికి, ఇంట్లో మూడు కొలతలు రాసుకోండి: 10 మీటర్లు నడవడానికి పట్టిన సెకన్లు, 30 సెకన్లలో కుర్చీలోంచి చేతులు ఊనకుండా ఎన్నిసార్లు లేచారు, ఒక గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టారు. ఈ కొలతలు వరుసగా రెండు నెలలు దిగజారితే అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకుండా ఆ అంకెలతో వెళ్ళండి. గుక్కలో లెక్క తగ్గుతుంటే అదే రోజు వెళ్ళండి.